రిటైరయ్యాక కారవాన్‌లో శ్రీకాకుళం, విజయనగరం తీరం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేమిద్దరం ఉద్యోగాలు చేసి రిటైరయినవాళ్లం. మావారు విద్యుత్ శాఖలో, నేను బడిలో. శ్రీకాకుళంలో ఇల్లు. వీలు దొరికినప్పుడల్లా కారవాన్ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న బండి) తీసుకుని భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి తిరుగుతుంటాం. దారిలో గుళ్లూ ఊళ్లూ చూస్తాం, చుట్టాలిళ్లలో ఆగుతాం. ఎవరు కలిసినా ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఈమధ్య రిటైర్మెంటు దగ్గర పడ్డవాళ్లు మరీ వివరంగా అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఇల్లుంది, కారుంది. మళ్లీ ఈ బండి ఎందుకు?

మా చుట్టాలంతా హైవే పొడుగునా ఉన్నారు. వియ్యాలవారు విజయనగరంలో, ఆడపడుచు భోగాపురం దగ్గర, మా అప్ప (అక్క) బారువలో, అమ్మాయి ఇచ్ఛాపురంలో. ఉద్యోగాలున్నన్నాళ్లూ పెళ్లికో చావుకో పొద్దున్న బస్సెక్కి వెళ్లి, భోజనం చేసి సాయంత్రానికి వచ్చేసేవాళ్లం. కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ.

రిటైరయ్యాక తీరిక వచ్చింది, దాంతోపాటు వయసూ వచ్చింది. అరవై దాటినవాళ్లు ఎవరింటికైనా వెళ్లి నాలుగు రోజులుంటే ఆ ఇంటివాళ్లు తమ గది ఖాళీ చేసి ఇవ్వాలి. రాత్రి రెండుసార్లు లేస్తాం, లైటు వేస్తాం, నేల మీద కూర్చునే బాత్రూం అయితే మోకాళ్లు ఒప్పుకోవు. వాళ్లకీ ఇబ్బంది, మనకీ మొహమాటం. బండి ఉంటే వాళ్ల వంటింట్లో తిని, వాళ్ల అరుగు మీద కబుర్లు చెప్పుకుని, మన మంచం మీద మనం పడుకుంటాం. నాలుగు గంటల చుట్టరికం నాలుగు రోజుల చుట్టరికం అవుతుంది. మేం బండి కొన్నది ముఖ్యంగా దీనికే. చూడాల్సిన చోట్లు చూడటం ఆ తర్వాతి మాట.

బండి ఏది? లోపల ఏముంటాయి?

ఫోర్స్ ట్రావెలర్ వ్యాను మీద కట్టించిన కారవాన్. వెనక ఇద్దరు పడుకునే మంచం, పక్కన చిన్న ఫ్రిజ్, సింకు, ఇండక్షన్ స్టవ్, తలుపు పక్కన చిన్న టాయిలెట్. మంచం కింద మంచినీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, ఇన్వర్టర్. పైన సోలార్ పలక.

పాత వ్యాను కొని తెలిసిన షెడ్డులో మార్పించుకుంటే చవకగా అవుతుందని చాలామంది సలహా చెబుతారు. అలా చేయకండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) రాసిన వివరాలకూ, తయారీ కంపెనీ ఇచ్చిన లెక్కకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సరైన అనుమతులున్నవాళ్ల దగ్గరే కట్టించి, ఆర్‌సీలో అది సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అని స్పష్టంగా రాయించుకోండి. సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ లెక్కలోకే, అంటే కిరాయికి తిప్పని బండ్ల లెక్కలోకే వస్తుంది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట చూసేది ఆర్‌సీనే.

ఈ వయసులో ఇంత బండి నడపడానికి లైసెన్సు ఇస్తారా?

ఇస్తారు. కారు లైసెన్సు చాలు, బండి మొత్తం బరువు 7,500 కిలోలు దాటకూడదు. 55 ఏళ్లు దాటాక రెన్యూవల్ చేయిస్తే ఐదేళ్లకు మాత్రమే ఇస్తారు, ప్రతిసారీ ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. గడువు ముగిసే తేదీ మరిచిపోకుండా క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

మావారు ఒకటే నియమం పెట్టుకున్నారు. చీకటి పడ్డాక స్టీరింగు ముట్టుకోరు. పదహారో నంబరు హైవే కోల్‌కతా–చెన్నై లారీల దారి, రాత్రిపూట ఆ హెడ్‌లైట్ల ఎదుట మన కళ్లు నిలబడవు. ఊళ్లలోపలి రోడ్ల మీద ఇంకో సంగతి ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. చీకట్లో ఆ రాళ్లు కనబడవు.

రాత్రుళ్లు ఎక్కడ ఆపుతారు? క్యాంపుల్లాంటివి ఉన్నాయా?

విదేశాల్లో ఉన్నట్టు ప్లగ్గూ నీళ్ల కొళాయీ పెట్టిన కారవాన్ పార్కుల మీద ఆశ పెట్టుకుని మన తీరానికి బయల్దేరకండి. మాకు చుట్టాలిళ్లే క్యాంపులు. వాకిలి ఉన్న ఇల్లు, లేదంటే వాళ్ల కళ్లం, లేదంటే వాళ్లకు తెలిసినవాళ్ల మిల్లు ఆవరణ. చుట్టాలు లేని ఊళ్లో లాడ్జివాళ్లను అడిగి, ఒక గది అద్దె కట్టి వాళ్ల ఆవరణలో ఆపుకుంటాం. గది వాడకపోయినా స్నానానికి పనికొస్తుంది, కాపలా ఉంటుంది.

హైవే పక్కన లారీల బారులో ఆపి పడుకోవడం మాకు నచ్చదు. ఒక పెట్రోలు బంకులో ముందు సరేనని, రాత్రి పదింటికి తలుపు కొట్టి వెళ్లిపొమ్మన్నారు. అప్పటినుంచి సాయంత్రం నాలుగింటికల్లా చోటు ఖాయం కాకపోతే ఆ రోజు ముందుకు కదలం.

చోటు చూసుకునేటప్పుడు తల పైకెత్తి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఇదంతా ఉద్దానం, ఎటు చూసినా కొబ్బరి తోటలే. నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద ఆపితే కాయ పడి పైకప్పూ సోలార్ పలకా రెండూ పగులుతాయి. జీడిమామిడి చెట్ల మధ్య ఆపుకోవడం మేలు. అలాగే పాత వీధుల్లో కరెంటు వైర్లు కిందికి వేలాడతాయి. మన బండి ఎత్తు ఎంతో కొలిచి డాష్‌బోర్డు మీద అంటించుకోండి, రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర రాసిన అంకెతో పోల్చుకోవచ్చు. టెక్కలి దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తే హైవేకీ సముద్రానికీ మధ్య హౌరా–చెన్నై రైలు మార్గం పోతుంది కాబట్టి అక్కడ తీరానికి దిగాలంటే చాలాచోట్ల ఏదో ఒక అండర్‌బ్రిడ్జో గేటో దాటాల్సిందే.

ఇంట్లో మంచాలుండగా బండిలో పడుకుంటే చుట్టాలు బాధపడరా?

మొదట పడ్డారు. "ఇంట్లో మంచాలు నేవేటి, బండిలో పడుకుంటారేటి?" అని మా అప్ప గట్టిగానే అడిగింది. నేను దాన్ని బండెక్కించి, మంచం మీద కూర్చోబెట్టి, మా మందుల డబ్బా, మోకాళ్ల కింద పెట్టుకునే దిండు, రాత్రి వాడే టాయిలెట్ అన్నీ చూపించాను. దానికీ మోకాళ్ల నొప్పులే. పెద్దగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ మధ్యాహ్నం అదే మా మంచం మీద కునుకు తీసింది.

వాళ్ల మనసు నొచ్చుకోకుండా ఉండాలంటే భోజనం మాత్రం వాళ్లింట్లోనే చేయండి. బండిలో వండుకుని తింటే అది చుట్టరికం కాదు, పక్కింట్లో అద్దెకున్నట్టు. వియ్యాలవారి ఇంటి దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం. మేం మొదటి రాత్రి వాళ్లింట్లోనే పడుకుంటాం, రెండో రాత్రి నుంచి బండిలోకి మారతాం. బయల్దేరే ముందే ఫోన్ చేసి ఎన్నాళ్లుంటామో చెప్పేస్తాం.

టాయిలెట్, నీళ్ల సంగతి ఏమిటి?

అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. మాది కాసెట్ టాయిలెట్. కింద సూట్‌కేసులా బయటికి లాగే డబ్బా ఉంటుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. దాన్ని సెప్టిక్ ట్యాంకు ఉన్న టాయిలెట్‌లోనే పోసి కడగాలి. తోటల్లో, కాలవల్లో, ఇసుకలో పోయడం తప్పు, ఎవరూ చూడకపోయినా తప్పే. చుట్టాలింట్లో అయితే తెల్లవారకముందే ఆ పని మనమే చేసి, బ్లీచింగ్ వేసి కడిగి రావాలి, ఇంకొకరి చేత చేయించకూడదు.

తాగే నీళ్లు ఇంటినుంచే క్యాన్లలో తీసుకెళ్తాం. ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బులు ఎన్ని ఇళ్లను కుంగదీశాయో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. అక్కడ మనం వాళ్ల మంచినీళ్లు వాడేసుకోకుండా ఉండటం కూడా మర్యాదే. ట్యాంకు నీళ్లు గిన్నెలకూ చేతులకూ మాత్రమే.

చుట్టాలింటి కరెంటుకు బండి తగిలించొచ్చా?

ఏసీ వేయాలంటే తగిలించాలి. పదిహేను ఆంపియర్ల సాకెట్ కావాలి. మావారి అలవాటు ఒకటి చెబుతాను, ఇది తెలిసినవాళ్ల చేతే చేయించండి. ఆయన దగ్గర రెండు వైర్లు కట్టిన బల్బు హోల్డరు ఉంటుంది. ఒక వైరు ఫేజ్‌లో, రెండోది ఎర్త్ పిన్నులో పెడతారు. బల్బు నిండుగా వెలిగితే ఎర్తింగ్ పనిచేస్తోందని అర్థం. వెలగకపోయినా, మసకగా వెలిగినా ఆ ఇంట్లో బండి తగిలించరు. ఇనుప డొక్కు బండి తడి నేల మీద నిలబడి ఉంటుంది, ఎర్త్ లేకపోతే మెట్టు మీద కాలు పెట్టినవాళ్లకు షాక్ కొట్టొచ్చు. పాత ఇళ్లలో ఎర్తింగ్ పోయి ఏళ్లయినా ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఆయనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి బాగు చేయిస్తారు. ఆ ఇంటి ఫ్రిజ్‌కూ గ్రైండర్‌కూ కూడా అది మంచిదే కదా.

బిల్లు డబ్బులు ఇస్తామంటే ఎవరూ తీసుకోరు. పిల్లల చేతిలో పెట్టి రండి.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి ముందు. చలి తగ్గి, ఎండ ముదరని రోజులు. ఏప్రిల్, మే నెలల్లో తీరంలో ఉక్కపోత భరించలేం. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం, చేపల కోసం వెళ్లేవాళ్లు నిరాశపడతారు.

దారి ఎలా వేసుకోవాలి? ఏవి చూడాలి?

ఒక్క వరసలో అన్నీ చుట్టేయాలనుకోకండి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు.

విజయనగరంలో కోట, గురజాడ అప్పారావుగారి ఇల్లు, మహారాజా సంగీత కళాశాల నడక దూరంలో చూడదగ్గవి. కళాశాల 1919లో మొదలైంది, తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. బండి ఇంటి దగ్గర వదిలి ఆటోలో తిరగండి, గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఇంత బండి తిప్పడం కష్టం. రామతీర్థం మరో పూట. మెట్లెక్కలేనివాళ్లకు కింది గుడి దర్శనం చాలు. అక్కడినుంచి పూసపాటిరేగ మీదుగా చింతపల్లి తీరం. లైట్‌హౌస్ ఉంది, జనం తక్కువ.

శ్రీకాకుళం చుట్టుపక్కల అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం. అరసవల్లికి ఆదివారం వద్దు, మామూలు రోజు తెల్లవారుజామున వెళ్లండి. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు సూర్యోదయ కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ రోజుల్లో జనం ఎక్కువ, మబ్బు పడితే కనబడదు, ఆ సంగతి ముందే మనసుకు చెప్పుకుని వెళ్లాలి.

శ్రీకూర్మానికి మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వండి. కూర్మావతారానికి ఇలాంటి గుడి ఇంకెక్కడా లేదంటారు. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి, రంగు వెలిసినచోట కూడా గీత చెరగలేదు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. వాటి డిప్ప మీద పసుపు గీతలు నడిమధ్య నుంచి అంచులకు పొద్దు కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. పక్కనే శ్వేతపుష్కరిణి. పితృకార్యాలకు వచ్చేవాళ్లు ఎక్కువ. మావారు వాళ్ల నాన్నగారి తిథికి ఇక్కడికే వస్తారు, అందుకే ఈ ఊరంటే మాకు ప్రత్యేకం.

శాలిహుండం వంశధార ఒడ్డున కొండ మీది బౌద్ధ స్తూపాలు, విహారాల శిథిలాలు. ఈ చోటును 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టింది కూడా ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పిల్లలకు ఏళ్ల తరబడి ఆగస్టు 29న ఆయన గురించి చెప్పినదాన్ని, ఆ మెట్ల మీద కూర్చుని నదిని చూస్తుంటే నాకు కదలబుద్ధి కాదు. కొండెక్కలేనివాళ్లు నేరుగా కళింగపట్నం వెళ్లి, వంశధార సముద్రంలో కలిసే చోటు చూడవచ్చు.

శ్రీముఖలింగం ఒకనాటి కళింగ గాంగుల రాజధాని కళింగనగరం. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు మూడు గుళ్లు. ఊరికి కాస్త బయట ఉన్న సోమేశ్వరాలయాన్ని చాలామంది వదిలేస్తారు. ద్వారం మీది శిల్పం చూడకుండా రాకండి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం మా ఇద్దరికీ అన్నిటికంటే ఇష్టమైన మజిలీ. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇళ్ల పెరళ్లలోని చింతచెట్ల మీద కూడా ఉంటాయి. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు వాటిని ఊరివాళ్లు. గూడబాతు పిల్ల ఆకలేసినప్పుడు తల్లి నోరు తెరిపించి, మెడ దాకా లోపలికి దూర్చి, గొంతు సంచిలోంచి చేపలు తింటుంది. ఒక్కోసారి రెండు పిల్లలు ఒకేసారి దూరతాయి, తల్లి రెక్కలు విదిలించి నిలదొక్కుకుంటుంది. బైనాక్యులర్ తీసుకెళ్లండి. హారన్ కొట్టకండి, బండి ఊరి మొదట్లో ఆపి నడవండి.

అక్కడినుంచి నౌపడ ఉప్పు మడులు, భావనపాడు తీరం దగ్గరే. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి, ఆ తర్వాత బారువ. చివర ఇచ్ఛాపురం. అమ్మాయి వాళ్ల వీధిలో ఒక గుమ్మంలో తెలుగు, పక్క గుమ్మంలో ఒడియా వినిపిస్తాయి. జూన్ నుంచి నవంబరు మధ్య అక్కడ ఉంటే పక్కనే తేలుకుంచికి వెళ్లండి, నత్తగుల్లలు తినే కొంగలు వానలతో వచ్చి అక్కడి చెట్ల మీద పిల్లలు పెడతాయి.

బీచ్ మీదికి బండి దింపొచ్చా?

వద్దు. మొదటి కారణం, ఇసుకలో కూరుకుపోతే లాగడానికి ట్రాక్టరు కావాలి. రెండోది ముఖ్యమైనది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి. చక్రం కింద ఏముందో మనకు కనబడదు. బారువ వైపు గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టే పిల్లలు అవి. వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి కాబట్టి, ఆ నెలల్లో తీరం దగ్గర ఆగితే రాత్రి బండి లైట్లన్నీ ఆర్పేయండి, కర్టెన్లు వేసేయండి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా గొడవ పడతాను.

తీరం నుంచి ఇంటికి రాగానే బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

తిండి ఎలా?

చుట్టాలింట్లో భోజనం, దారిలో ఇడ్లీ. బండిలో చోడి (రాగి) పిండి, మజ్జిగ ఉంచుకుంటాం, పొద్దున్నే అంబలి తాగితే మధ్యాహ్నం దాకా ఆకలుండదు. తీరం ఊళ్లలో పడవలు ఒడ్డుకొచ్చే వేళకు వెళ్లి చందువా చేపలో కోనాం చేపలో కొని, ఆ రాత్రి దిగే ఇంటికి పట్టుకెళ్తాం.

చుట్టాలిళ్లకు ఏం పట్టుకెళ్లాలి?

బండి ఉన్నందుకు నాకున్న సంతోషాల్లో ఇదొకటి. ఒక ఊరి సరుకు ఇంకో ఊరికి చేరవేయొచ్చు. ఇచ్ఛాపురం వైపు వెళ్లేటప్పుడు భీమాలి మామిడి తాండ్ర, వచ్చేటప్పుడు పలాస జీడిపప్పు, ఉద్దానం పనసకాయలు. మందస కోవా ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి రోజుకల్లా ఇచ్చేయాలి. పెద్దవాళ్లకు పొందూరు ఖద్దరు. పొందూరులో ఆగి పత్తి ఏకడం చూడండి. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా పట్టుకుని, గింజ మీది పత్తిని దువ్వుతారు. ఆ ముసలమ్మల వేళ్లు కదిలే తీరు చూశాక బట్ట ధర గురించి బేరమాడాలనిపించదు.

సిరిమానోత్సవానికి బండి వేసుకుని వెళ్లొచ్చా?

దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. సోమవారం తొలేళ్ల (సిరిమానుకు ముందురోజు ఉత్సవం) కంటే ముందే ఊళ్లో చుట్టాలింటికి చేరి, బుధవారం దాకా బండి కదపకుండా ఉండగలిగితే వెళ్లండి. లేదంటే రైలు మేలు.

తుఫాను వస్తే?

అక్టోబరు, నవంబరు నెలల్లో దూరం పోము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తరాల నాటి కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. చెట్లే నిలవని గాలికి ఎత్తయిన బండి నిలుస్తుందనుకోకూడదు. వాయుగుండం అన్న మాట వినగానే చెట్లూ స్తంభాలూ లేని చోట బండి పెట్టి, మనుషులు పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి.

ఒంట్లో బాగోకపోతే?

బీపీ, షుగరు మందులు పది రోజులకు ఎక్కువే ఉంచుకోండి. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో పెట్టండి, లోపల గడ్డ కట్టే చోట వద్దు. ప్రిస్క్రిప్షన్ల నకళ్లు డాష్‌బోర్డులో ఉండాలి. అంబులెన్సుకు 108, హైవే మీద బండి ఆగిపోతే 1033. ముఖ్యంగా ఇద్దరిలో రెండోవాళ్లకు కూడా బండి తీయడం రావాలి. నేను హైవే మీద నడపను గాని, ఊళ్లోంచి ఆసుపత్రి దాకా తీసుకెళ్లగలను. అరవై దాటాక నేర్చుకున్నాను.

కొనే ముందు మాకు సరిపడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

అద్దెకు కారవాన్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, డ్రైవరుతో కూడా ఇస్తారు. రెండు మూడు రోజులకు తీసుకుని, దగ్గరి చుట్టాలింటికే వెళ్లండి. ఒక రాత్రి వాళ్ల వాకిట్లో పడుకోండి. మంచం ఎక్కి దిగడం, చిన్న టాయిలెట్‌లో తిరగడం, ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా మసలడం అన్నీ తెలుస్తాయి. ఇద్దరిలో ఒకరికి నచ్చకపోతే కొనకండి. నచ్చితే కూడా మొదటి సంవత్సరం శ్రీకాకుళం దాటి ఒడిశాలోకి పోవద్దు. సోంపేటలో బండి ఆగిపోతే ఎవరో ఒకరు మన తాలూకు మనిషి స్కూటరేసుకుని వస్తాడు, ఆ ధైర్యంతో మొదలుపెట్టండి.